ఎవరి ప్లేటు వాళ్ళే పారేయాలి

మా ల్యాబ్‌లో నేను పెట్టిన నియమం ఒకటుంది. ప్రయోగం ప్లేటు చెడితే ఎవరి ప్లేటు వాళ్ళే పారేయాలి. పక్కవాళ్ళు పారేయకూడదు, నేనూ పారేయకూడదు. వారం రోజుల కష్టాన్ని సొంత చేత్తో ఎర్ర డబ్బాలో వేసిన మనిషి అదే తప్పు మళ్ళీ చేయడు. కొందరు ఏడ్చారు. నైజీరియా నుంచి వచ్చిన ఒకబ్బాయి చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు వాళ్ళ దేశంలో తన దగ్గర చేరినవాళ్ళకు ఇదే నియమం నేర్పుతున్నాడని విన్నాను.

నా పేరు ఉజ్వల. మాది హనుమకొండ. అట్లాంటాలో ఒక యూనివర్సిటీలో, డాక్టర్ ఉమామహేశ్వరి గారి ల్యాబ్‌లో స్టాఫ్ సైంటిస్టుని. ఆవిడది గుంటూరు. ఆఫ్రికా దేశాల నుంచి యువ శాస్త్రవేత్తలను పిలిపించి, అంటువ్యాధుల మీద, టీకాల మీద ఏడాది పాటు శిక్షణ ఇచ్చే కార్యక్రమం ఆవిడ పేరు మీద నడిచేది. ఆవిడ పేరు మీద, నా చేతుల మీద. వెబ్‌సైట్‌లో ఫోటోలు చూస్తే మీకే అర్థమవుతుంది. మధ్యలో ఆవిడ నవ్వుతూ ఉంటారు, చుట్టూ శిక్షణకు వచ్చిన ఫెలోలు. ఒక ఫోటోలో ఓ పక్కన నీలం గ్లవ్స్ తొడుక్కున్న రెండు చేతులు కనిపిస్తాయి. అవి నావి.

తడాలా సెప్టెంబరులో మలావీ నుంచి వచ్చింది. మనిషి కంటే ముందు ఆమె పెట్టె వచ్చింది. డ్రై ఐస్‌లో కూరిన చిన్న చిన్న గొట్టాలు, మూడొందల పైచిలుకు. ఒక్కోదానిలో ఒక్కో పిల్లవాడి సీరమ్, అంటే రక్తంలో ఎర్రదనం తీసేశాక మిగిలే పసుపుపచ్చటి నీరు. అందరూ మూడేళ్ళ పిల్లలు. తొమ్మిదో నెలలో తట్టు టీకా వేయించుకున్నవాళ్ళే. అయినా వాళ్ళ జిల్లాలో టీకా పడిన పిల్లలకు కూడా తట్టు వస్తోంది. టీకా అసలు పట్టలేదా, పట్టి వదిలేసిందా? అది తేల్చే పరీక్ష చేసే సదుపాయం ఆమె పనిచేసే చోట లేదు. అందుకే రక్తాన్నీ, మనిషినీ ఇక్కడికి పంపారు.

ఆ రక్తం తీసింది తడాలాయే. సైకిల్ మీద ఊరూరా తిరిగి, రెండేళ్ళ పాటు. తల్లులు కాగితాల మీద వేలిముద్రలు వేశారు, నిజమే. కానీ వాళ్ళు నమ్మింది కాగితాన్ని కాదు. "ఫలితం ఏదైనా సరే, నేనే వచ్చి మీ గుమ్మం ముందు నిలబడి చెప్తాను" అని ఆమె ఒక్కో తల్లికీ మాట ఇచ్చింది. ఈ సంగతి నాకు మొదటి రోజే చెప్పింది. నేను విని ఊరుకున్నాను. అందరూ మొదటి రోజు ఏదో ఒక గొప్ప మాట చెప్తారు.

మా కార్యక్రమంలో ఇంకో పద్ధతి ఉంది. ఫెలోలు తెచ్చుకున్న సొంత నమూనాలు ఏడాది రెండో సగంలోనే ముట్టుకోవాలి. అంతవరకూ మా దగ్గరున్న వాటి మీద చేయి తిప్పుకోవాలి. ఆ పద్ధతి ఉమ గారు పెట్టారు, నేనూ సమర్థించాను. చేయి తిరగని మనిషికి పిల్లల రక్తం ఇస్తే వృథా చేస్తుంది. మాటలో న్యాయం ఉంది. దరిద్రం ఏమిటంటే, ఆ న్యాయమైన మాటే తడాలా కొంప ముంచింది.

పరీక్ష చెప్పడానికి తేలికే. ప్లేటులో చిన్న చిన్న గుంటలుంటాయి. ఒక్కో గుంట అడుగున జీవకణాలు పరుపులా పరుచుకుని పెరుగుతాయి, మేం సెల్స్ అంటాం. పిల్లవాడి సీరమ్‌ని తట్టు వైరస్‌తో కలిపి ఆ పరుపు మీద పోస్తాం. సీరమ్‌లో బలముంటే వైరస్ చచ్చి ఊరుకుంటుంది, పరుపు నిండుగా మిగులుతుంది. బలం లేకపోతే వైరస్ పరుపును తిని చిల్లులు పెడుతుంది. అయిదో రోజు రంగు వేసి చిల్లులు లెక్కపెట్టాలి. వీటితో పాటు, జవాబు ముందే తెలిసిన ఒక సీరమ్‌ని కూడా పెడతాం. దాన్ని కంట్రోల్ అంటాం. కంట్రోల్ తెలిసిన జవాబు ఇవ్వకపోతే మిగతా జవాబులేవీ నమ్మడానికి లేదు. ప్లేటు మొత్తం పారేయాల్సిందే.

తడాలా మొదటి ప్లేటులో కంట్రోల్ కొద్దిగా తప్పింది.

"చాలా దగ్గరగా వచ్చింది కదా, డాక్టర్ ఉజ్వలా" అంది మెల్లగా. మా ఇద్దరి మాటలూ ఇంగ్లీషులోనే, నేను తెలుగులో చెప్తున్నాను.

"దగ్గరగా అనే మాట ఈ గదిలో లేదు. వచ్చిందా, రాలేదా?"

"రాలేదు."

"అయితే డబ్బా అక్కడుంది."

వెళ్ళి పారేసింది. ఏడవలేదు. ఆ తర్వాత మళ్ళీ అలాంటి ప్లేటు ఆమె చేతి నుంచి రాలేదు. క్రిస్మస్ వచ్చేసరికి నాకంటే బాగా చేస్తోంది. ఈ మాట నేను ఎవరి గురించీ తేలిగ్గా అనను.

ఆ సెలవుల్లోనే ఒకరోజు అట్లాంటా శివార్లలో, కమ్మింగ్‌లోని మా ఇంటికి తడాలాని భోజనానికి పిలిచాను. మా మిత్రులు రాధాకృష్ణ, నమ్రత కూడా వచ్చారు. తడాలా అన్నంలో పప్పు కలుపుకుని చేత్తో తింటుంటే మా అమ్మాయి సాన్వి కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "మమ్మీ, ఆంటీ కూడా మనలా చేత్తో తింటుంది" అని ఆశ్చర్యపోయింది. వాళ్ళ ఊళ్ళో మొక్కజొన్న పిండితో సంకటి లాంటిది వండుకుని చేత్తోనే తింటారట. అంతవరకూ బాగానే ఉంది. రాధాకృష్ణ ఊరుకోకుండా, మీ దగ్గర కరెంటు ఉంటుందా అని అడిగాడు. తన సొంతూరికే కరెంటు తను ఇంటర్ చదివేటప్పుడు వచ్చిందన్న సంగతి అతనికి అప్పుడు గుర్తు రాలేదు.

తడాలా ఏమీ నొచ్చుకోలేదు. "పోతూ వస్తూ ఉంటుంది. అందుకే పిల్లల రక్తం ఇక్కడికి తెచ్చాను. ఇక్కడైతే ఏదీ పోదన్నారు" అంది.

మార్చి మొదట్లో, మా కార్యక్రమానికి డబ్బిచ్చే ప్రభుత్వ ఆఫీసు నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. గ్రాంటు రద్దు. ఈ కార్యక్రమం ఇక ప్రభుత్వ ప్రాధాన్యాలకు సరిపోదట. పని వెంటనే ఆపేయాలట. తడాలా తన సొంత నమూనాలు మొదలుపెట్టాల్సింది ఆ మరుసటి వారమే. ఫెలోల వీసాలు కార్యక్రమానికి ముడిపడినవి కాబట్టి వాళ్ళు నెలలోగా సర్దుకుని వెళ్ళాలి. ఇన్నేళ్ళ పనిని కొట్టిపారేయడానికి వాళ్ళకు రెండు పేరాలు సరిపోయాయి. చదివి నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను ఉమ గారి గదిలోకి వెళ్ళాను.

"స్టాప్ వర్క్ అంటే స్టాప్ వర్కే ఉజ్వలా. ఇప్పుడు నేను పైపెట్ ముట్టుకున్నా వయొలేషనే" అన్నారు ఆవిడ.

"మరి తడాలా శాంపిల్స్ మేడమ్?"

"ఫ్రీజర్‌లో ఉంటాయి. ఎక్కడికి పోతాయి?"

"ఫ్రీజర్ కూడా ఆ గ్రాంట్‌దే కదండీ. తిరిగి వాళ్ళ దేశానికి షిప్ చేద్దామా?"

"ఎవరు సైన్ చేస్తారమ్మా? గ్రాంట్ ఇచ్చిన ఆ ఆఫీసే మూసేశారు."

"అయితే ఆ ఒక్క టెస్ట్ చేయనివ్వండి. ఆ పిల్ల అడిగేది అదొక్కటే."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నాకింకా రెండు గ్రాంట్లున్నాయి. వాటి మీద పదకొండు మంది బతుకుతున్నారు, నీతో కలిపి. ఒక్క బాక్స్ కోసం వాటిని రిస్క్‌లో పెట్టమంటావా? నువ్వే చెప్పు."

నీతో కలిపి అనే మాట ఆవిడ ఊరికే అనలేదు. నా హెచ్‌వన్ వీసా కాగితాల మీద సంతకం పెట్టేది ఆవిడే. నేను గదిలోంచి కదల్లేదు. చివరికి ఆవిడే కిటికీ వైపు చూస్తూ అన్నారు. "వచ్చే శుక్రవారం సేఫ్టీ వాళ్ళొచ్చి ఈ ప్రోగ్రామ్ ల్యాబ్ లాక్ చేస్తారు. అంతవరకూ బ్యాడ్జ్‌లు పనిచేస్తాయి. ఈ వీకెండ్ నేను మా అక్క దగ్గరకి ప్లెయిన్స్‌బరో వెళ్తున్నా. నాకేం చెప్పొద్దు, నేనేం విన్లేదు."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. భయపడ్డ మనిషి. ఆ రెండింటికీ తేడా ఎంతో ఉందని అప్పట్లో అనుకునేదాన్ని.

ఇంట్లో మా ఆయన శశికాంత్‌కి చెప్పాను. "నీకెందుకు ఇదంతా? హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్ జూన్‌ల ఉంది. లెటర్ సైన్ చేసేది ఆమెనే కదా" అన్నాడు.

"ఎరుకే."

"ఎరుకుండి కూడానా?"

"ఎరుకుండే పోతున్న."

శనివారం పొద్దున అతనే, ముఖం ముడుచుకునే, నాకూ తడాలాకీ ఇడ్లీలు డబ్బాలో పెట్టి ఇచ్చాడు.

ఒక చిక్కుంది. సెల్స్‌ని పెంచి, విడగొట్టి, మళ్ళీ పెంచుతూ ఉంటాం. కొన్ని విడతలు అయ్యాక అవి ముసలివవుతాయి, సరిగా పనిచేయవు. అప్పుడు కొత్తవి తెప్పించుకోవాలి. కొత్త సెల్స్ కోసం పెట్టిన ఆర్డరు కూడా గ్రాంటుతో పాటే రద్దయింది. మా దగ్గరున్నవి హద్దు దాటబోతున్నవి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. వేరే దారి లేదన్న సంగతీ తెలుసు.

ఆ శని, ఆదివారాలు ఇద్దరం పక్కపక్క హుడ్‌ల ముందు, అంటే గాలి వడగట్టే గాజు పెట్టెల ముందు, కూర్చుని లేవకుండా పనిచేశాం. ఒక్కో గొట్టం తెరిచేటప్పుడు తడాలా పెదవులు కదిలేవి. ఏం చదువుతున్నావని అడిగాను. గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే. కానీ ఆమెకు చాలా అంకెల వెనక ఇళ్ళు గుర్తున్నాయి. ఇది చేపలు ఎండబెట్టే ఆమె కొడుకు, ఇది సూది చూసి నవ్విన పిల్ల, అని తనలో తను అనుకుంటోంది. నాకు ఆ క్షణంలో నా ఉద్యోగం మీద, ఆ రెండు పేరాల ఈమెయిల్ మీద, ఉమ గారి అక్క మీద కూడా కోపం వచ్చింది.

గురువారం ప్లేట్లకు రంగు వేసి దీపం మీద పెట్టాం. చిల్లులు. ఎక్కడ చూసినా చిల్లులు. సగానికి పైగా పిల్లల సీరమ్ వైరస్‌ని ఆపలేదు. ఇది చిన్న విషయం కాదు. ఆ పిల్లలకు ఇంకో డోసు పడకపోతే వచ్చే తట్టులో కొందరు దక్కరు. తడాలా ఇంటికి తీసుకెళ్ళాల్సిన జవాబు ఇదే అనుకున్నాను.

ఆమె మాత్రం పిల్లల గుంటలు చూడట్లేదు. కంట్రోల్ చూస్తోంది. రెండుసార్లు లెక్కపెట్టి, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. కంట్రోల్‌లో కూడా ఉండకూడనన్ని చిల్లులున్నాయి. మరీ ఎక్కువ కాదు. హద్దుకి కొంచెం అవతల. అన్ని ప్లేట్లలోనూ అంతే.

"కొంచెమే తప్పింది" అన్నాను. అన్నది నేనే. "సెల్స్ ముసలివని ఒక వాక్యం రాద్దాం. దగ్గరగానే ఉంది. మీ ఆరోగ్యశాఖ వాళ్ళకి ఈ మాత్రం చాలు, మళ్ళీ డోసు వేయడానికి."

"ఈ చిల్లులు పిల్లలవా, ముసలి సెల్స్‌వా?" అని అడిగింది.

"చాలావరకూ పిల్లలవే అయ్యుంటాయి."

"అయ్యుంటాయా, అవునా?"

నేను మళ్ళీ ప్లేటు మీదకు వంగి లెక్కపెట్టసాగాను.

"నేను వెళ్ళి టీకా పనిచేయలేదని చెప్తాను. ఆ మాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నాకంటే ముందు పోతుంది. తల్లులు టీకా వేయించడం మానేస్తారు. తర్వాత అది తప్పని తేలితే? అప్పుడు చచ్చిపోయే పిల్లలు ఎవరి లెక్కలోకి వస్తారు?"

"తడాలా, ఇంకో అవకాశం లేదు. రేపు తాళం వేస్తారు."

"తెలుసు" అంది. "కంట్రోల్ వచ్చిందా, రాలేదా?"

నా మాట నాకే అప్పజెప్పింది. గొంతులో ఎకసెక్కం లేదు, అందుకే ఇంకా గట్టిగా తగిలింది. రాలేదు అన్నాను. ఎర్ర డబ్బా దగ్గరకు లాక్కుని ఒక్కో ప్లేటూ వేయడం మొదలుపెట్టింది. నేను సాయానికి చేయి చాపితే అడ్డం పెట్టింది.

"నావి" అంది.

ఈసారి ఏడ్చింది. ఏడుస్తూనే అన్నీ వేసి, మూత పెట్టి, గ్లవ్స్ తీసి చేతులు కడుక్కుంది.

వెళ్ళే ముందు ఉమ గారు ఫెలోలందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. కేక్ కోశారు, ఫోటోలు తీశారు. తడాలా సర్టిఫికెట్ పట్టుకుని ఒక్కటే అడిగింది. "నా నమూనాలు ఉంటాయా? సీరమ్ ఇంకా మిగిలే ఉంది. నేను డబ్బు ఎక్కడైనా సంపాదించి మళ్ళీ వస్తాను."

ఉమ గారు ఆమె భుజం మీద చేయి వేశారు. "ఉంటాయి. మా దగ్గర భద్రంగా ఉంటాయి. నాది పూచీ."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ నిజంగానే అనుకున్నారని నేను నమ్ముతాను. నమ్మి ఏం లాభం? తడాలా విమానం ఎక్కిన కొన్నాళ్ళకే ఆ ఫ్రీజర్‌ని వేరే డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశారు. అందులో ఉన్నవన్నీ ఖాళీ చేయమన్నారు. ఇంకో ఫ్రీజర్‌లో ఒక్క అర ఇమ్మని నేను మూడు ల్యాబ్‌లు తిరిగి అడిగాను. గ్రాంటు రద్దయిన విదేశీ రక్తం అనగానే అందరూ తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు.

"వేరే దారి లేదు ఉజ్వలా. ఆటోక్లేవ్ చేసేయ్" అన్నారు ఉమ గారు. "ఆ పిల్లకి ఇప్పుడే చెప్పకు, బాధపడుతుంది. వీలు చూసుకుని నేనే చెప్తా."

ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిదే. అందులో వేసిందేదీ బతకదు. గొట్టాలను సంచిలో పోస్తుంటే వాటి మీద తడాలా చేతిరాత కనిపిస్తూనే ఉంది. గుండ్రటి అంకెలు, పిల్లల రాతలా. నా నియమం ప్రకారం వాటిని నేను ముట్టుకోకూడదు. ముట్టుకున్నాను. మిషన్ ఆగాక తీస్తే గొట్టాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దగా ఉన్నాయి.

జూన్ రాకముందే ఉమ గారు నా లెటర్ మీద సంతకం పెట్టారు. ఏదో కాన్ఫరెన్స్‌లో మా కార్యక్రమం గురించి మాట్లాడి, ఎన్ని దేశాలకు శిక్షణ ఇచ్చామో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నారు. తడాలాకి మాత్రం ఏమీ చెప్పలేదు. వీలు కుదర్లేదేమో.

జూన్‌లో తడాలా నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆఫీసుకి డ్రైవ్ చేస్తూ కార్‌లో విన్నాను. వెనక ఎక్కడో కోళ్ళు అరుస్తున్నాయి. ఆమె అన్ని ఇళ్ళకూ వెళ్ళిందట. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, పరీక్ష చేశాం గానీ నమ్మదగ్గ జవాబు రాలేదు, నాకు తెలియదు అని చెప్పిందట. చాలామంది తల్లులు తప్పు పట్టలేదట. నువ్వు వచ్చి చెప్పావు, అదే చాలు అన్నారట. చేపలు ఎండబెట్టే ఆమె మాత్రం, మరి మా వాడి రక్తం ఎక్కడుంది అని అడిగిందట.

"అమెరికాలో భద్రంగా ఉంది, మళ్ళీ పరీక్ష చేస్తాం అని చెప్పాను. అది విని అందరికీ ధైర్యం వచ్చింది. ఆ తర్వాత వెళ్ళిన ఇళ్ళలో నేనే ముందుగా ఆ మాట చెప్పాను. అక్కడ అన్నీ బాగానే ఉన్నాయి కదా, డాక్టర్ ఉజ్వలా?"

కార్ పక్కకు తీసి ఆపాను. తనకు నిశ్చయంగా తెలియని మాట తల్లులతో అనకూడదని రెండేళ్ళ కష్టాన్ని డబ్బాలో వేసిన పిల్ల అది. దాని చేత ఇంటింటికీ తిప్పి అబద్ధం చెప్పించాం. ఉమ గారి పూచీ అది, నా మౌనం అది. నాకు నా మీద అసహ్యం వేసింది.

జరిగింది జరిగినట్టు రాసి పంపాను. ఎవరు చెప్పమన్నారు, ఎవరు చెప్పొద్దన్నారు అనేదేమీ రాయలేదు. ఫ్రీజర్ తీసేసుకున్నారు, నమూనాలన్నీ నేనే ఆటోక్లేవ్‌లో వేశాను, ఒక్కటీ మిగల్లేదు, అని రాశాను. క్షమించమని కూడా రాసి, మళ్ళీ ఆ వాక్యం కొట్టేశాను. అడిగే మొహం నాకు లేదు.

రోజంతా జవాబు లేదు. సాయంత్రం ఇంటికి చేరేసరికి వచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"చెప్పినందుకు కృతజ్ఞతలు. అయితే నేను వాళ్ళకు చెప్పింది తప్పు. సైకిల్ చెడిపోయింది, నడిచే వెళ్ళాలి. రేపటి నుంచి మళ్ళీ ఒక్కో ఇంటికీ వెళ్ళి చెప్తాను. మొదట చేపలామె ఇంటికి."